గోడ దిక్కు చూసి గరుకు, గరుకు చూసి రంగు

(నెల్లూరు జిల్లా కావలిలో ఇళ్లు కట్టుకుంటున్నవారు, తాపీ పని, రంగుల పని చేసేవారు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇల్లు పూర్తయ్యే వేళకి ఇంటిల్లిపాదీ షేడ్ కార్డు చుట్టూ చేరతారు. ఏ రంగు వేద్దాం అన్నదే చర్చ. నిజానికి అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. ముందు తేల్చాల్సినవి వేరే ఉన్నాయి. ఈ గోడకి వాన ఎటునుంచి కొడుతుంది? ఎండ ఏ పూట పడుతుంది? పైనుంచి నీళ్లు ఎక్కడ జారతాయి? ఇవి తెలిస్తే గోడ నున్నగా ఉండాలో గరుగ్గా ఉండాలో తెలుస్తుంది. గరుకు ఎంతో తెలిశాక రంగు దానంతటదే సగం తేలిపోతుంది. ఈ వరస తిరగబడిన ఇళ్లే రెండేళ్లకి చారలు కట్టి, వెలిసి, మళ్లీ పరంజా ఎక్కించుకుంటున్నాయి.

మన వాతావరణం సంగతి చూడండి. నెల్లూరు ప్రాంతంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. అది ఈశాన్యపు వాన. గాలితో కలిసి ఏటవాలుగా వచ్చి తూర్పు గోడకీ ఉత్తరపు గోడకీ కొడుతుంది. సరిగ్గా ఆ నెలల్లో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. అంటే ఉత్తరపు గోడ వారాల తరబడి తడుస్తుంది, ఆరడానికి దానికి ఎండ ఉండదు. అందుకే పాచి ముందు అక్కడే పడుతుంది. తూర్పు గోడ తడిసినా పొద్దుటి ఎండకి కొంత తేరుకుంటుంది. పడమటి గోడ కథ వేరు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ దాని మీదే ఉంటుంది, తోడుగా పడమటి గాడ్పు. అది కాలి పగులుతుంది, రంగు వెలుస్తుంది. ఇంక సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు, గాలిలో వచ్చే ఉప్పు గోడ మీద పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. వాన లేని రోజున కూడా ఆ గోడ చేతికి చెమ్మగా తగలడానికి కారణం అదే. కనిగిరి, పొదిలి వైపు పోతే ఉప్పు బాధ లేదు గానీ ఎర్రమట్టి దుమ్ము ఉంది.

కాబట్టి ఇంటి నాలుగు గోడలకీ ఒకే పని చేయించాలన్న పట్టు వదిలేయండి. రంగు ఒకటే ఉండొచ్చు. గరుకు మాత్రం గోడ గోడకీ మారొచ్చు, మారాలి.

గరుకుల్లో మనకి దొరికేవి చెప్తాను. అన్నిటికంటే నమ్మకమైంది స్పాంజి ఫినిషింగు. ప్లాస్టరింగు పై పూత కాస్త బిగిసాక తడి స్పాంజితో గుండ్రంగా రుద్దితే ఇసుక రేణువు పైకి తేలి సన్నటి గరుకు వస్తుంది. నీరు నిలవదు, దుమ్ము తక్కువ పడుతుంది, మరమ్మతు చేసినా అతుకు కనపడదు. ఉత్తరం, తూర్పు గోడలకి నేను ఇదే చెప్తాను. రెండోది రోలర్ టెక్స్చర్, చిన్న చిన్న బుడిపెలు. ఇదీ పర్వాలేదు. మూడోది ఇప్పుడు అందరూ కోరుకుంటున్న రస్టిక్. అక్రిలిక్ పేస్టులో 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులుంటాయి, ప్లాస్టిక్ పలకతో లాగితే ఆ రేణువు దొర్లి గీత పడుతుంది. ఇందులో మెలకువ ఒకటే. గీతలు నిలువుగా లాగించండి. అడ్డగీత ప్రతిదీ చిన్న అరుగు లాంటిది. దాని మీద దుమ్ము కూర్చుంటుంది, దుమ్ము మీద తడి నిలుస్తుంది, తడి మీద పాచి పడుతుంది. గుండ్రపు గీతలదీ ఇదే జబ్బు. 2 మిల్లీమీటర్ల రేణువు ఉన్నది చదరపు మీటరుకు రెండున్నర కిలోల దాకా తింటుంది. అంటే 25 కిలోల బకెట్టు నూరు చదరపు అడుగులకు అటూ ఇటుగా వస్తుంది. నూట యాభై లాగుతానని ఎవరైనా అంటే పలచగా లాగుతున్నట్టే, కింద వేసిన ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే తొలి పూత, మచ్చలుగా కనపడుతుంది.

సన్న రాతి చిప్స్ కలిపి తాపీతో విసిరే రఫ్ కాస్ట్ ఉంది. బలమైన పని, పగులు కనపడనివ్వదు. అయితే దుమ్ము పట్టిందంటే కడగడం కష్టం. ప్రహరీ గోడకి బాగుంటుంది. హైవే పక్కన ఇల్లయితే ఎలివేషన్‌కి, అంటే ఇంటి ముఖానికి, వద్దు.

పుట్టీ పెట్టి అద్దంలా నున్నగా చేయించడం అనే కోరిక బయటి గోడకి మంచిది కాదు. నున్నటి గోడ మీద ప్రతి వంకరా, ప్రతి సన్న పగులూ ఏటవాలు ఎండలో లెక్కపెట్టేలా కనపడుతుంది. తప్పనిసరై పెట్టాల్సి వస్తే వైట్ సిమెంటు పుట్టీ మాత్రమే, రెండు పూతలూ కలిపి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు దాటకుండా. గుంటలు పూడ్చడానికి పుట్టీ వాడితే అది పెచ్చుగా ఊడుతుంది. గుంట పూడ్చాల్సింది సిమెంటు మాలుతోనే, అంటే సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దతోనే.

ఇప్పుడు అసలు విషయం, కింద ఉండే ప్లాస్టరింగు. ఎంత ఖరీదైన రంగైనా దీని మీదే నిలబడాలి.

బయటి గోడకి రెండు పూతలు, మొత్తం 20 మిల్లీమీటర్లు. అడుగు పూత 12, 13 మిల్లీమీటర్లు, పై పూత 7, 8. ఒక్క పూతలోనే 20 కొడితే బరువుకి జారుతుంది, జారినచోట అడ్డంగా పగులుతుంది. పాళ్లు అడుగు పూతకి 1:4, అంటే ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ల ఇసుక, పై పూతకి 1:5. పై పూత ఎప్పుడూ కిందిదాని కంటే బలంగా ఉండకూడదు. బలమైన పూత ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుని కింది పూతను లాగేస్తుంది. మొత్తం మీద ఈ పాళ్ల లెక్కన నూరు చదరపు అడుగులకు సుమారు ఒకటిన్నర బస్తా సిమెంటు, 8 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది, వృథా కలుపుకుని. మేస్త్రి లెక్క దీనికి చాలా దూరంగా ఉంటే గోడ తూకం తప్పి వంకర పోయిందన్నమాట, దాన్ని పూత మందంతో సరిచేస్తున్నారు.

తేలిక ఇటుకల గోడలైతే, అదే ఏఏసీ బ్లాకులు, 1:6 చాలు. దాని మీద బలమైన మాలు కొడితే గోడంతా గళ్లు గళ్లుగా పగులుతుంది.

ఇసుక. పెన్నా ఇసుకైనా, వాగు ఇసుకైనా, రాళ్లను మరలో పిండి చేసిన రోబో శాండ్ అయినా ఒక పరీక్ష చేయండి. గాజు గ్లాసులో సగం దాకా ఇసుక పోయండి. ముప్పాతిక దాకా నీళ్లు పోసి చిటికెడు ఉప్పు వేసి, చేత్తో మూసి గట్టిగా కుదపండి. మూడు గంటలు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, దాని మీద సన్నటి మడ్డి పొరగా తేరుతుంది. ఇసుక ఎత్తు, మడ్డి ఎత్తు స్కేలుతో కొలవండి. మడ్డి ఇసుకలో 8 శాతం దాటితే ఆ ఇసుక కడగాలి, లేకపోతే వెనక్కి పంపాలి. మడ్డి ఎక్కువైతే మాలు చేతికి వెన్నలా ఉంటుంది, మేస్త్రికి పని హాయిగా సాగుతుంది. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆరాక గోడ మీద సాలెగూడు పగుళ్లు వస్తాయి. రోబో శాండ్ అయితే ప్లాస్టరింగుకని విడిగా జల్లించింది అడగండి. కాంక్రీటు రకంలో ముతక ఎక్కువ, స్పాంజి ఫినిషింగుకి లొంగదు. సముద్రపు ఒడ్డు ఇసుక ఏ పరిస్థితిలోనూ వద్దు. దానిలో ఉప్పు ఇనుప ఊచను తింటుంది, గోడ మీద తెల్లగా పొంగుతుంది, రంగును తోసేస్తుంది. మాలు కలిపే నీళ్లూ నోట్లో పోసుకుంటే చప్పగా ఉండాలి. ఉప్పగా ఉన్న బోరు నీళ్లతో గోడ తడిపి క్యూరింగ్ చేసి ఆ తర్వాత పెయింటు కంపెనీని తిడితే ఏం లాభం?

కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట పగులు తప్పకుండా వస్తుంది, రెండూ వేడికి వేరువేరుగా సాగుతాయి కాబట్టి. అక్కడ జాలీ కొట్టాలి, అతుక్కి అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు. ఒడ్డు దగ్గరి ఊళ్లలో కోళ్ల గూళ్లకి వాడే ఇనుప జాలీ తుప్పు పట్టి గోడ మీద గోధుమ రంగు చారలు తెస్తుంది. అక్కడ ఫైబర్ జాలీ వాడండి. కిటికీ మూలల్లో ఏటవాలు పగులు వస్తుంది గదా, అక్కడ కూడా ఒక జానెడు ముక్క ఏటవాలుగా పెట్టండి.

మేస్త్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెప్పి తీరాలి. బయటి గోడకి నీటు సిమెంటు రుద్దొద్దు. పొడి సిమెంటు చల్లి ఉక్కు తాపీతో మెరిసేలా రుద్దితే ఆ పూటకి బాగుంటుంది. ఆ పొర గాజులా గట్టిపడి, ముడుచుకుని, వెంట్రుక పగుళ్లు ఇస్తుంది. పైగా ప్రైమర్ దానిలోకి ఇంకదు. చెక్కతో రుద్ది, స్పాంజితో వదిలేయడమే సరైన పని. కలిపిన మాలు గంటలోపు అయిపోవాలి. గట్టిపడినదానికి మళ్లీ నీళ్లు పోసి కొట్టింది రేపు తడితే డొల్ల మోత మోగుతుంది. నాణెంతో తట్టి చూసుకుంటూ పోండి, డొల్లగా మోగినచోట చదరంగా కోసి మళ్లీ కొట్టించండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక పచ్చి గోడ ఏం ఆగుతుంది! ఎండాకాలంలో కొట్టాల్సి వస్తే నీడ వెంట పోవాలి. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ. పరంజాకి తడి గోనెలు కట్టాలి. క్యూరింగ్ ఏడు రోజులకు తగ్గకూడదు. ఏడు రోజులంటే రోజుకి రెండుసార్లు పైపుతో కొట్టి పోవడం కాదు, గోడ ఆరిపోయే తీరిక ఇవ్వకుండా తడి ఉండటం. మన దగ్గర ఈ పనికి మంచి కాలం జనవరి నుంచి మార్చి దాకా.

రంగును మాలులోనే కలిపే పద్ధతి కూడా ఉంది, దాన్ని తక్కువగా చూడకండి. పై పూత బూడిద సిమెంటు బదులు వైట్ సిమెంటుతో, తెల్లటి ఇసుకతో చేసి, అందులో ఐరన్ ఆక్సైడ్ రంగు కలుపుతారు. తెల్ల ఇసుక మనకి దూరం కూడా కాదు, గూడూరు వైపు చిల్లకూరు, కోట ప్రాంతాల సిలికా ఇసుక దేశమంతా పోతుంది. కలిపే రంగు, సిమెంటు బరువులో 5 శాతం ఉంటే సరిపోతుంది, 10 దాటితే పూత బలం పోతుంది. చేత్తో కాదు, త్రాసుతో తూచాలి. గోడ మొత్తానికి కావలసిన సిమెంటూ రంగూ ముందే పొడిగా కలిపి, జల్లించి, బస్తాల్లో కట్టి పెట్టుకోవాలి. రోజూ కొంత కొంత కలుపుకుంటే ఏ రోజు పని ఆ రోజుకి విడిగా కనపడుతుంది. గోధుమ, ఇటుక ఎరుపు, పసుపు మట్టి రంగులు దీనిలో అందంగా వస్తాయి. ముదురు రంగులు వద్దు, సిమెంటు లోపలి సున్నం తెల్లగా పైకి వచ్చి మచ్చలు పడుతుంది.

ఇప్పుడు ఓపిక పట్టాల్సిన చోటు. ప్లాస్టరింగు అయ్యాక 28 రోజులు ఆగాలి. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని పదో రోజున ప్రైమర్ వేయించేస్తున్నారు. కొత్త సిమెంటులో క్షారం చాలా తీవ్రం. అది పెయింటులోని జిగురును సబ్బులా చేస్తుంది, కొన్ని రంగులను తినేస్తుంది. క్షారం తగ్గిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి గదా, గోడ దగ్గరా అదే సూత్రం. ఓ మూల గోడ తడిపి పసుపు నీళ్లు రాయండి. ముదురు ఎరుపుకి తిరిగితే ఇంకా ఆగండి. చెమ్మకి ఇంకో పరీక్ష. అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి తెల్లారేదాకా ఉంచండి. లోపల నీటి బొట్లు పట్టాయంటే గోడ ఇంకా ఆరలేదు. తెల్లటి ఉప్పు పొంగి ఉంటే పొడి బ్రష్షుతో దులిపేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గాలి తెచ్చిన సముద్రపు ఉప్పు మాత్రం మంచి నీళ్లతో కడగాలి, కడిగి ఆరబెట్టాలి. ఈ రెండూ వేరు.

సరే, రంగు. షేడ్ కార్డు వెనక ఎల్‌ఆర్‌వి అని ఒక అంకె ఉంటుంది, కొన్ని కంపెనీలు వెబ్‌సైట్లో ఇస్తాయి. వెలుగును ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె అది. సున్నా అంటే నలుపు, వంద అంటే పూర్తి తెలుపు. పడమటి, దక్షిణపు గోడలకి 60కి పైన ఉన్నది ఎంచుకోండి. పెద్ద గోడ దేనికీ 30 కంటే కిందికి దిగొద్దు. ఈమధ్య ముదురు బూడిద, చాక్లెట్ రంగులు ఎలివేషన్ అంతా నింపేస్తున్నారు. అవి చల్లటి దేశాల బొమ్మలు చూసి తెచ్చుకున్నవి. మే నెలలో ఆ గోడ లోపలి గదిలో రాత్రి పదింటికి కూడా వేడి తగ్గదు. ముదురు రంగు మీద అంత ఇష్టం ఉంటే బాల్కనీ లోపలి గోడకి, నీడన ఉండేచోట వేసుకోండి, నిండుగా ఉంటుంది.

వెలిసేదీ వెలవనిదీ రంగు పుట్టుకను బట్టి ఉంటుంది. మట్టి నుంచి, లోహం నుంచి వచ్చేవి నిలుస్తాయి: ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు, గోధుమ, క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, తెలుపుకి టైటానియం. నిగనిగలాడే గులాబీ, వంగపండు, నిమ్మపండు రంగులు చాలావరకు సేంద్రియ రంగులు, అంటే కార్బన్ రసాయనాలతో చేసినవి. ఎండకి ముందు పోయేవి అవే. జాజు అనే ఎర్రమట్టి రంగు, సున్నం, చందనం, గంధం, లేత బిస్కెట్టు, ఇవన్నీ మన మట్టి రంగులే. మన పాత ఇళ్లలో తెల్లటి వెల్ల గోడకి అడుగున జాజు పట్టీ వేసేవాళ్లు. అందం కోసం అనుకుంటాం గానీ అది లెక్క తెలిసిన పని. వాన చినుకు నేల మీద పడి మట్టితో ఎగిరేది అడుగున్నర, రెండడుగుల ఎత్తు. ఆ ఎత్తు దాకా మట్టి రంగుంటే మరక కనపడదు. ఇప్పుడైనా అది చేయండి. లేదంటే ఆ రెండడుగులకీ మార్కాపురం పలకరాయి గానీ చీమకుర్తి రాయి గానీ అతికించండి. తెల్ల గోడను నేల దాకా దించడం మాత్రం వద్దు.

షేడ్ కార్డు ముక్క చూసి నిర్ణయించొద్దు. బయటి వెలుగులో పెద్ద గోడ మీద ప్రతి రంగూ కార్డు మీద కంటే ప్రకాశంగా, గాఢంగా కనపడుతుంది. కార్డులో మీకు నచ్చినదాని పక్కన కాస్త డల్లుగా ఉన్నదే గోడ మీద మీరు అనుకున్న రంగు. అయితే గరుకు దీనికి ఎదురు పనిచేస్తుంది. రస్టిక్ గీతల్లో నీడ పడి అదే రంగు ఒక మెట్టు ముదురుగా కనపడుతుంది. అందుకని నమూనా అదే గరుకు మీద వేయించాలి. మూడడుగుల చదరం, రెండు పూతలు, ఒకటి తూర్పు గోడ మీద, ఒకటి పడమటి గోడ మీద. పూర్తిగా ఆరాక పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి చూడండి. పక్కింటి గోడ రంగు కూడా మీ గోడ మీద పడుతుంది, పచ్చటి కొబ్బరి తోట కూడా పడుతుంది.

వేసే రోజు జాగ్రత్తలు కొన్నే. నున్నటి గోడకి బయటి ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే పెయింటు, లీటరు రెండు పూతలకి 50, 60 చదరపు అడుగులు వస్తుంది. గరుకు గోడకి మూడో వంతు నుంచి సగం దాకా ఎక్కువ పడుతుంది. ఒక గోడకి కావలసింది ఒకేసారి మెషీన్లో కలిపించి, డబ్బాలన్నీ పెద్ద డ్రమ్ములో పోసి కలిపేయండి. డబ్బాకీ డబ్బాకీ తేడా వస్తే ఇంక గోడ మీద సరిచేయలేం. చేయి పెడితే చురుక్కుమనే గోడ మీద వేయొద్దు. మధ్యలో ఆపకండి, మూల దాకానో గాడి దాకానో వెళ్లి ఆపండి.

(సభలో ఒకరు: సార్, కొత్తిల్లే, మంచి పెయింటే వేశాం. కిటికీల కింద రెండు వైపులా నల్లగా మీసాల్లా చారలు దిగాయి. ఎందుకు?)

అది పెయింటు తప్పు కాదండీ. కిటికీ గట్టు మీద పడిన దుమ్ముని వాన కడిగి రెండు కొనల నుంచి కిందికి దించుతోంది. గట్టు రాయి గోడ కంటే రెండంగుళాలు ముందుకి ఉండాలి, బయటికి వాలుండాలి, అడుగున అర అంగుళం గాడి ఉండాలి. గాడి దగ్గరికి వచ్చిన నీరు గోడకి పాకలేక బొట్టుగా రాలిపోతుంది. సజ్జా అడుగునా ఇదే గాడి. పిట్టగోడ పైభాగం వాలు మాత్రం లోపలికి, మిద్దె మీదకి ఉండాలి, బయటికి కాదు. మీ గట్లకి ఇప్పుడైనా అడుగున మెషీనుతో గాడి కోయించొచ్చు.

(మరొకరు: మాది తాతల నాటి సున్నపు మిద్దె సార్. దానికి టెక్స్చర్ వేయొచ్చా?)

వద్దమ్మా. సున్నపు గార గోడ చెమ్మను పీల్చి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూతో, రబ్బరు లాంటి పెయింటో వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గార పొడి పొడిగా రాలుతుంది. ఊడినచోట సున్నం మాలుతోనే పూడ్పించి, వెల్లే వేయించండి. వెల్లలో జిగురు కోసం బంక కలపండి. జాజు పట్టీ వేసుకోండి. ఎప్పుడైనా ఎమల్షన్ వేయాలనుకుంటే పాత వెల్లంతా గీకి తీయాల్సిందే, వెల్ల మీద ఎమల్షన్ పొట్టులా లేస్తుంది.

(ఇంకొకరు: ఉత్తరం గోడ పాచి పోవాలంటే?)

లీటరు నీళ్లకి 50 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. నైలాన్ బ్రష్షుతో రుద్ది కొన్ని గంటలు వదిలి, మంచి నీళ్లతో బాగా కడిగించండి. ఇనుప బ్రష్షు వద్దు, దాని పోగులు గరుకులో ఇరుక్కుని తుప్పు మచ్చలవుతాయి. యాసిడ్ అసలే వద్దు. కడిగాక రెండు మూడు రోజులు ఎండలో ఆరనిచ్చి, అప్పుడు పాచిని ఆపే మందు కలిసిన ప్రైమర్, ఆ మీద పెయింటు. ఈ పని దసరాకి ముందే ముగించుకోండి, ఆ తర్వాత గోడ ఆరదు.